పనిలో తెలిసిన మాట ఎవరి సొత్తు?



ఈ రోజుల్లో ఉద్యోగంలో చేరేవారికి నియామకపు ఉత్తర్వుతోపాటు మరొక కాగితం కూడా ఇస్తున్నారు. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో ఉద్యోగి ఎలా మెలగాలో అందులో రాసి ఉంటుంది. చదవకుండానే సంతకం చేసేవారు ఎందరో. మీలో కొందరు అలాంటి కాగితాన్ని తయారు చేయవలసిన స్థానంలో ఉన్నారు. పాఠశాలలకు కరెస్పాండెంట్లుగా ఉన్న మా గురువులకూ, ఆసుపత్రులు నడిపే మఠకన్యలకూ ఆ బాధ్యత ఉంది. కనుక ఈ వారం ఆ విషయం కలిసి ఆలోచిద్దాం.

ఇలాంటి కాగితాలలో తరచు కనిపించే మాట ఒకటుంది: సంస్థ పేరుకు భంగం కలిగించరాదు. సంస్థ పేరును కాపాడుకోవడం తప్పు కాదు. కాని అన్నిటికంటే ముందు కాపాడవలసింది ఆ పేరునేనా?

ఇలా జరిగిందనుకోండి. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ తోటివారితో సెల్ఫీ తీసుకుని స్టేటస్‌లో పెట్టింది. వెనుక మంచం మీది రోగి ముఖం కూడా అందులో పడింది. ఒక టీచరుగారు పిల్లవాడు రాసిన తప్పు జవాబును ఫోటో తీసి, నలుగురూ నవ్వుకుంటారని గ్రూపులో పెట్టారు. పేపరు పైన పిల్లవాడి పేరు కనిపిస్తూనే ఉంది. బంగారం కుదువ పెట్టడానికి ఎవరు వచ్చారో ఒక బ్యాంకు ఉద్యోగి బంధువుల గ్రూపులో రాశాడు. పాపం, ఆ ఇంట్లో ఇబ్బందులున్నాయని జాలి కూడా పడ్డాడు.

ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరూ ఎవరికీ కీడు తలపెట్టలేదు. మరి తప్పెక్కడుంది?

ఎనిమిదవ ఆజ్ఞ అనగానే మనకు అబద్ధాలే గుర్తుకొస్తాయి. అయితే 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఆ ఆజ్ఞ కింద రెండు పాపాలను వేరు చేసి చూపుతుంది. లేనిది కల్పించి ఎదుటివారి పేరు చెడగొట్టడం ఒకటి. ఉన్న లోపాన్నే, తగిన కారణం లేకుండా, తెలియనివారికి తెలియజేయడం రెండవది. నిజం చెప్పాను కదా అన్న సాకు ఈ రెండవదానికి చెల్లదు. వైద్యులు, న్యాయవాదులు, సైనికులు, పదవులలో ఉన్నవారు వృత్తిరీత్యా తెలిసిన రహస్యాలను కాపాడాలని కూడా అదే గ్రంథం బోధిస్తుంది.

దీనికి కారణం ఏమిటి? రోగి తన పుండు చూపింది ఇరుగుపొరుగు మనిషిగా మీకు కాదు, మీరు చేసే సేవను నమ్మి చూపాడు. పిల్లవాడు తన తెలియనితనాన్ని బయటపెట్టింది దిద్దుతారని, నవ్వుతారని కాదు. ఆ కుర్చీలో మీరు కూర్చోకపోతే ఆ సంగతి మీకు తెలిసేదే కాదు. కనుక అది మీ సొత్తు కాదు, మీకు అప్పగించిన సొత్తు. దాచమని ఇచ్చిన నగను మెడలో వేసుకుని పెళ్లికి వెళ్లేవారిని ఏమంటాం? నగ పోలేదు, అరగలేదు. అయినా అది నమ్మకద్రోహమే.

‘పెదవి దాటితే పృథివి దాటుతుంది’ అన్నారు పెద్దలు. స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది, నిజమే. ఎవరో తీసుకున్న స్క్రీన్‌షాట్ మాయం కాదు.

లోకం కూడా ఈ సంగతి గుర్తించింది. మన దేశంలో 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి రోగి రహస్యాలను కాపాడమంటుంది. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ ప్రకటించిన కొత్త నియమావళిలో సామాజిక మాధ్యమాల గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు చేర్చారు. రోగుల ఫోటోలు, స్కాన్‌లు అందులో పెట్టరాదన్నారు. లైకులను, ఫాలోవర్లను డబ్బిచ్చి కొనరాదన్నారు. మందుల పేర్లు రాసే నిబంధన వంటివాటిపై అభ్యంతరాలు రావడంతో అదే నెల 23న ఆ నియమావళిని నిలిపివేశారు. కాగితం ఆగింది గాని, రోగి పట్ల వైద్యుని బాధ్యత ఆగలేదు.

ఇక్కడ మనకు పునీత జోజప్పగారు ఆదర్శం. ఆయన పనివారికి పాలకుడు. 1955లో పన్నెండవ పయస్ పోపుగారు మే 1వ తేదీని శ్రామికుడైన జోజప్పగారి పండుగగా నెలకొల్పారు. మరియతల్లి గర్భవతి అని తెలిసినప్పుడు ఆయనకు దేవుని ఏర్పాటు ఇంకా తెలియదు. వీధికెక్కి ఉంటే ఊరంతా ఆయన పక్షానే నిలిచేది. అయినా ఆమెను నలుగురిలో అవమానపరచడానికి ఆయన మనసు ఒప్పలేదు. పునీత మత్తయిగారు ఆయనను నీతిమంతుడన్నది ఈ సందర్భంలోనే. ఒక్క క్షణం ఆలోచించండి. ఆయన తొందరపడి ఉంటే, దేవదూత రాకముందే ఊరు తీర్పు చెప్పి ఉండేది. ఆయనకు తెలిసినది సగమే. మనం గ్రూపులో పెట్టేవాటిలో సగం తెలిసినవి ఎన్ని ఉంటాయో!

అయితే ఈ బోధను అడ్డం పెట్టుకుని పనివారి నోటికి తాళం వేయాలనుకునే యాజమాన్యాలకు కూడా ఒక మాట చెప్పాలి. నెలల తరబడి జీతం ఇవ్వకుండా, అడిగినవారికి సంస్థ పరువు గుర్తు చేయడం న్యాయం కాదు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక యువతి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసింది, మరొకామె దానికి లైక్ కొట్టింది. పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ అరెస్టుకు ఆధారమైన 66ఎ సెక్షన్‌లోని మాటలకు స్పష్టత లేదని, అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ‘అభ్యంతరకరం’ వంటి అర్థం తేలని మాటలతో నియమం రాస్తే, అది బలవంతుని చేతి కర్ర అవుతుంది.

రహస్యం కాపాడటం వేరు, పాపాన్ని కప్పిపుచ్చడం వేరు. మౌనం వల్ల ఘోరమైన హాని జరిగేటట్లయితే వృత్తి రహస్యం కూడా అడ్డు రాదని సత్యోపదేశమే చెబుతుంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం ఆజ్ఞాపిస్తుంది. ఈ విషయంలో మౌనం ఎంత గాయం చేస్తుందో శ్రీసభకు బాధాకరంగా తెలుసు.

మరి ఫిర్యాదు ఎక్కడ చెప్పుకోవాలి? క్రీస్తునాథుడు మెట్లు చూపించారు. సోదరుడు తప్పు చేస్తే మొదట ఒంటరిగా అతనితో మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మనం ఆ మెట్లను తలకిందులు చేశాం. రెండు వందల మంది ఉన్న గ్రూపులో మొదట పెట్టి, ఆ మనిషితో మాత్రం చివరికి కూడా మాట్లాడం. అయితే ఒంటరిగా వెళ్లి మాట్లాడటం బలహీనులకు ప్రమాదమైన చోట్లున్నాయి. అందుకే 2013 నాటి చట్టం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలంది. ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు, వివరాలు బయటపెట్టరాదని కూడా అంది.

కనుక నియమావళి రాసేవారికి నా మనవి నాలుగు మాటలు. మొదటిది, సంస్థ పేరుకంటే ముందు రోగి, విద్యార్థి, ఖాతాదారుడు, తోటి ఉద్యోగి గౌరవాన్ని రాయండి. రెండవది, ఏది చేయరాదో ఉదాహరణతో, తేలిక తెలుగులో చెప్పండి. మూడవది, బాధ ఎవరికి చెప్పుకోవాలో ఆ కాగితంలోనే రాయండి, చెప్పినవారికి కీడు జరగదని హామీ ఇవ్వండి. నాలుగవది, ఆ నియమం పైవారికీ వర్తించాలి. కిందివారిని అందరూ చూసే గ్రూపులో తిట్టే హెడ్‌మాస్టరుగారు, ఫీజు కట్టని పిల్లల జాబితాను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టే కరెస్పాండెంటుగారు దానికి అతీతులు కారు.

సంతకం చేసేవారికి ఒక మాట. ఒకరిని తప్పించి మిగతావారంతా ఆ ఒకరి గురించి కట్టుకునే గ్రూపును ఏ యాజమాన్యమూ కనిపెట్టలేదు. పరోక్షనింద కంటే స్నేహాన్ని విరిచే గుసగుస మరింత ఘోరమని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. పేరుప్రతిష్ఠలకంటే స్నేహితుడు విలువైనవాడు గనుక అన్నారు.

ఈసారి ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది నాకు తెలిసిందా, నాకు అప్పగించారా? అప్పగించినదైతే, అప్పగించినవారి కోసం దాన్ని భద్రంగా ఉంచండి. చెప్పే మాటనూ, దాచే మాటనూ వేరు చేసి చూసే వివేకాన్ని పునీత జోజప్పగారి వేడుదల ద్వారా ప్రభువు మనకు దయచేయుదురు గాక.