రణభూమిలో వైద్య కాయకము

ధర్మవృక్షమునకు వేరెక్కడ నున్నదని విచారించి బసవేశ్వరుడు దానిని దయయందు కనుగొనెను. ఆ దయకు కులమని, దేశమని, మనుష్యుడని, పశువని ఎల్లలు గీయలేదు. అట్టి దయను జీవితధర్మముగా స్వీకరించిన శరణసంతతికి యుద్ధము ఎల్లప్పుడును సంకటమైన ప్రశ్నయే. అందును యుద్ధభూమిలో పనిచేయు వైద్యుని స్థితి మరింత సంకటమైనది. ప్రాణము తీయుటకు సమకూడిన సేనలో ప్రాణము నిలుపుటకై అతడు నియుక్తుడైనాడు. గుండ్ల వర్షములో నేలను ప్రాకుట, చీకటిలో కట్లు కట్టుట, ఆకాశము నుండి పారాచూటుతో దూకుట మున్నగునవి నేర్పి అతనిని ముందుగా సిద్ధపరచుట దయకు చేయు సేవయా, లేక యుద్ధమునకు చేయు సేవయా?

ఇందు పూర్వపక్షము మూడు విధములు. గాయము మానిన సైనికుడు తిరిగి తుపాకి పట్టును గనుక సైనికవైద్యుడు యుద్ధమును పొడిగించుచున్నాడనునది మొదటిది. చేతికి ఆయుధము వచ్చిన పిదప వైద్యుడు వైద్యుడుగా మిగులడనునది రెండవది. ఈ శిక్షణ కొరకు మూగజీవులను హింసించిరనునది మూడవది. మూడును త్రోసిపుచ్చదగినవి కావు. అయినను వానిని విచారించుటకు ముందు శిక్షణ యేల అవసరమైనదో తెలిసికొనవలెను.

1859వ సంవత్సరము జూన్ 24వ తేదీన ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో వద్ద ఫ్రెంచి, సార్డీనియా సేనలు ఒకవైపున, ఆస్ట్రియా సేన మరియొకవైపున తలపడినవి. వ్యాపారకార్యముపై అటు వచ్చిన హెన్రీ డ్యూనాన్ అను స్విట్జర్లాండు దేశీయుడు సమీపమందలి కాస్టిలియోనె పట్టణములో వేలకొలది క్షతగాత్రులు చర్చిలలోను, వీధులలోను దిక్కులేక పడియుండుట చూచెను. ఆ ఊరి స్త్రీలు ఏ పక్షమువాడని యడుగక అందరికిని నీరిచ్చిరి, గాయములు కడిగిరి. వారి దయకు కొరత లేదు. కొరతపడినవి నేర్పును, ఏర్పాటును మాత్రమే. తగిన చికిత్స సకాలమున అందిన బ్రతుకదగినవారు ఎందరో దయగల చేతులలోనే కన్నుమూసిరి. యుద్ధము వచ్చిన పిదప కాక శాంతికాలముననే సేవకులను సమకూర్చి సిద్ధపరచవలెనని డ్యూనాన్ 1862లో తన గ్రంథమున కోరెను. 1863లో రెడ్ క్రాస్ సంస్థ అంకురించుటకును, 1864లో మొదటి జెనీవా ఒడంబడిక జరుగుటకును ఆ విన్నపమే మూలము.

సోల్ఫెరినో చెప్పిన పాఠమును వైద్యశాస్త్రము నేడు మరింత స్పష్టముగా చెప్పుచున్నది. తొడయందలి పెద్ద రక్తనాళము తెగినవాడు కొన్ని నిమిషములలోనే మరణింపగలడు. ఆసుపత్రి ఎంత గొప్పదైనను ఆ నిమిషములలో అతని వద్దకు రాజాలదు. గాయమునకు పైభాగమున టూర్నికెట్టును బిగించి రక్తమును ఆపగల చేయి ప్రక్కనే యుండవలెను. అందును యుద్ధభూమి చికిత్సకు వేరొక క్రమము కలదు. కాల్పులు జరుగుచున్న చోట మొదటి పని కట్టు కట్టుట కాదు. గాయపడినవానిని మరుగునకు చేర్చుట. తొందరపడి ఎదుటికి పరుగెత్తిన పరిచారకుడు తానును గాయపడి, ఒక్కని బదులు ఇద్దరిని మోయవలసిన భారము ఇతరులకు కలిగించును. 1996లో అమెరికాలో రూపొందిన యుద్ధక్షేత్ర చికిత్సా విధానము ఈ దశలను విడదీసి చెప్పెను. తరువాత అనేక దేశముల సేనలు దానిని అనుసరించినవి. ఇవి యన్నియు పుస్తకము చదివినంత మాత్రమున అలవడునవి కావు. భయముచే వణకు చేయి తాను నూరుమారులు చేసిన పనిని మాత్రమే నూటొకటవమారు తప్పక చేయగలదు.

శరణులు కాయకమని పేర్కొన్నది దీనినే. మనస్సులోని సద్భావము కాయములోనికి, చేతివేళ్లలోనికి దిగిరానిది కాయకము కాదు. మడివాళ మాచయ్య భక్తి బట్టలుతుకు నేర్పులో వెల్లడియైనది. అంబిగర చౌడయ్య భక్తి పడవ నడపు నేర్పులో వెల్లడియైనది. వైద్యమునే కాయకముగా గైకొన్న వైద్య సంగణ్ణయు శరణులలో ఒకడు. పడవ నడపనేరని వాడు ఎంత కరుణాళువైనను నడియేటిలో ప్రయాణికులను ముంచును. అట్లే నేర్పులేని దయ యుద్ధభూమిలో కన్నీరుగా మాత్రమే మిగులును. శిక్షణ దయకు చేర్పబడిన అలంకారము కాదు. దయ పరిపక్వమైన రూపమే శిక్షణ.

దీనికి భారతదేశ చరిత్రలోనే ఒక ఉజ్జ్వలమైన ఉదాహరణము కలదు. 1950లో కొరియా యుద్ధము చెలరేగినప్పుడు స్వతంత్ర భారతము అక్కడికి పోరాడు సేనను పంపలేదు. 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అను వైద్యదళమును పంపెను. దాని నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ ఏ. జి. రంగరాజ్. 1941లోనే పారాచూటుతో దూకి, ఆ విద్య నేర్చిన తొలి భారతీయులలో ఆయన ఒకడు. 1950 డిసెంబరులో ప్యాంగ్‌యాంగ్ నగరము నుండి సేనలు వెనుదిరిగినప్పుడు వాహనములు లేక ఈ దళము తన వైద్యసామగ్రిని విడువవలసిన స్థితి ఏర్పడెను. వారు విడువలేదు. ఒక పాత రైలు ఇంజనును వెదకిపట్టి, వరుసగా నిలిచి బకెట్లతో నీరందించి, దానిని నడుపుకొని సామగ్రితో సహా దక్షిణమునకు చేరిరి. 1951 మార్చి 23న మున్సాన్ వద్ద అమెరికా పారాచూట్ సేనతోపాటు ఈ దళములోని ఒక చిన్న శస్త్రవైద్య బృందము ఆకాశము నుండి దిగి, దిగినచోటనే చికిత్స ప్రారంభించెను. దళములోని మరియొక భాగము దేగు నగరమున నిలిచి కొరియా పౌరులకు వైద్యము చేయుచు, అచ్చటివారికి ఆ విద్య నేర్పెను. రంగరాజ్‌కు మహావీరచక్ర పురస్కారము లభించెను. పది సంవత్సరముల ముందు నేర్చిన విద్య పరదేశమున పరుల ప్రాణములను నిలిపెను. తుపాకులు పంపని దేశము తర్ఫీదు పొందిన చేతులను పంపగలిగెను.

ఇక పూర్వపక్షములను విచారింపవలెను. మొదటి దానిలో నిజము కలదు. 1943లో ఉత్తర ఆఫ్రికాలో పెన్సిలిన్ కొరత యున్నప్పుడు, యుద్ధమున గాయపడినవారిని కాదని, త్వరగా కోలుకొని పోరునకు మరలగలరను కారణముచే సుఖవ్యాధిగ్రస్తులకు దానిని ఇచ్చిరని వైద్యనీతి గ్రంథములు పేర్కొనుచున్నవి. ఇచ్చట రోగిని చూచిన కన్ను వైద్యునిది కాదు, సేనానిది. కాని ఈ దోషమునకు విరుగుడు శిక్షణను మానుట కాదు. కంటికి కూడ శిక్షణ నిచ్చుట. నెపోలియన్ సేనలోని శస్త్రవైద్యుడు లారే, పదవిని గాని బిరుదును గాని చూడక గాయతీవ్రతను బట్టియే చికిత్సాక్రమము నిర్ణయింపవలెనని ఆచరించి చూపెను. 1949 నాటి జెనీవా ఒడంబడిక దీనినే శాసనము చేసినది. మిత్రుడైనను శత్రువైనను వైద్యపరమైన తొందర ఒక్కటియే ఎవరిని ముందు చూడవలెనో నిర్ణయింపవలెను. భారతదేశము 1960లో జెనీవా ఒడంబడికల చట్టమును చేసికొన్నది. కల్యాణమందలి అనుభవమంటపములో ప్రవేశించినవానిని కులమడుగలేదు. గాయపడినవానిని పక్షమడుగని వైద్యశిబిరము ఆ మంటపమునకు దూరపు బంధువు. ఈ నియమము నేర్పని తర్ఫీదు సగము తర్ఫీదే. అది నేర్పినచో సైనికవైద్యుడు యుద్ధమునకు దాసుడు కాడు.

రెండవది ఆయుధ విషయము. వైద్యుడు తన ప్రాణమును, తన రక్షణలోనున్న క్షతగాత్రుల ప్రాణమును కాపాడుకొనుటకు ఆయుధము ధరింపవచ్చునని అదే ఒడంబడిక అంగీకరించినది. శత్రువునకు హాని కలిగించు కార్యములకు వైద్యశిబిరము వినియోగింపబడినచో, హెచ్చరిక పిదప దానికి గల రక్షణ తొలగునని కూడ విధించినది. కల్యాణవిప్లవ కాలమున మడివాళ మాచయ్య మున్నగువారు వెంటాడిన సేనల నెదిరించి, ఉళవికి సాగిన శరణసమూహమును కాపాడిరని సంప్రదాయము చెప్పుచున్నది. నిస్సహాయునికి అడ్డుగా నిలుచుట వేరు, ఎదుటివానిపై దుముకుట వేరు. అయినను ఆయుధమే వలదనువానికి కూడ ఈ కాయకములో స్థానము కలదు. అమెరికా సైనికపరిచారకుడు డెస్మండ్ డాస్ మతవిశ్వాసముచే తుపాకి ముట్టలేదు. 1945లో ఒకినావా దీవిపై నిటారైన కొండ అంచు నుండి క్షతగాత్రులను ఒక్కొక్కరిని త్రాటితో క్రిందికి దింపి సుమారు 75 మందిని రక్షించెను. ఆ త్రాటికి వేసిన ముడి తర్ఫీదు కాలమున నేర్చినదే. ఆయుధమును నిరాకరించెను గాని అభ్యాసమును నిరాకరింపలేదు.

మూడవ పూర్వపక్షమునకు సమాధానము లేదు, అంగీకారమే కలదు. అమెరికా సైన్యములో దశాబ్దములపాటు మేకలకు, పందులకు మత్తునిచ్చి, గాయపరచి, వానిపై రక్తస్రావము నాపుట నేర్పిరి. మనుష్యుని రక్షించుటకే గదా అను సమర్థనము వినబడును. కాని మూగజీవి బాధను చూడనేరని కన్ను బాధితుడైన మనుష్యుని మాత్రము చూడగలదని నమ్ముట కష్టము. రక్తము స్రవించు కృత్రిమదేహములును, గాయములను అనుకరించు పరికరములును నేడు లభించుచున్నవి. త్రోవ యున్నప్పుడు హింసను ఆశ్రయించుట అవసరము కాదు, అలవాటు మాత్రమే. దయను నేర్పు పాఠశాలలో దయారాహిత్యమునకు పీట వేయరాదు.

ఇంత చెప్పినను యుద్ధము ధర్మము కాజాలదు. నేర్పరియైన వైద్యుడున్నాడను ధైర్యముతో యుద్ధమునకు ఉత్సాహపడు పాలకుడు ఆ వైద్యుని కాయకమును అపవిత్రము చేయుచున్నాడు. వైద్యుడు సేనలో నుండుట యుద్ధమునకు సమ్మతి కాదు. యుద్ధము నడుమ కూడ మనుష్యుడు మనుష్యుడే యను సాక్ష్యము.

ఈ విచారము సైనికులకు మాత్రమే సంబంధించినది కాదు. రక్తము నాపు విద్య రహదారి ప్రమాదములో, పొలములో, కర్మాగారములో అంతే అక్కరకు వచ్చును. మఠములు అన్నదాసోహమును, విద్యాదాసోహమును తరతరములుగా నడుపుచున్నవి. వానితోపాటు ప్రథమచికిత్సా శిక్షణమును కూడ జాతరలలోను, వసతిగృహములలోను ఏర్పరచినచో అది ప్రాణదాసోహమగును. ప్రతి లింగాయత కుటుంబములో ఒక్కరైనను ఆ విద్య నేర్చియుండుట ఉచితము. ప్రక్కవాని నెత్తురు నేల పాలగుచున్న క్షణమున భక్తుని హృదయము కరగుట సహజమే. ఆ క్షణమున అతని చేతులకు పని తెలిసియుండుట కాయకము.