మాతృభక్తియు ఆత్మరక్షణయు

ఉదయమున కొడుకును చెంత కూర్చుండబెట్టుకొని సంగటిముద్ద తినిపించి, నీవే నా ప్రాణమని పలికిన తల్లియే, సాయంకాలము వాడు పొలమునుండి వచ్చుట కొకింత యాలస్యమైనంతనే, “నేను మీకు బరువైపోయినా గదా, బాయిలో పడి సస్తా” నని తలుపు గడియ పెట్టుకొను నిండ్లు కడప, మైదుకూరుల నడుమనున్న ఖాజీపేటవంటి యూళ్ళలోను ఉండును. ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు. కందిమల్లాయపల్లె మఠమునకో, కడప పెద్దదర్గాకో తీసికొనిపొమ్మందురు. పెద్దలు “ఎంతయినా తల్లి గదా, ఓర్చుకో” యందురు. ఈ కడపటి మాటలోనే ధర్మసందేహ మున్నది.

అయినవారు విడిచిపోవుదురను తీరని భయము, క్షణములో ప్రేమ ద్వేషముగా మారుట, అదుపు లేని కోపము, ఆత్మహింస, లోపలి శూన్యత మొదలగు తొమ్మిది లక్షణములలో కనీస మైదు దీర్ఘకాలము నిలిచియున్నపుడు మనోవైద్యులు దానిని బార్డర్‌లైన్ వ్యక్తిత్వ వికార మందురు; 1980లో అమెరికా మనోవైద్యసంఘపు నిర్ణయగ్రంథమున దీనికి స్థానము లభించెను. ఆ నిర్ణయము వైద్యునిది. ఒక కలహమును చూచి బిడ్డలు చేయదగినది కాదు. అయినను వైద్యుడు తేల్చువరకు ఆ యింటి బాధ ఆగియుండదు. ఆ తల్లి కపటురాలనుటయు తప్పే. ఉదయపు వాత్సల్యమును సత్యమే, సాయంకాలపు భయమును సత్యమే.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించి యింటికి మరలు శిష్యునితో ఆచార్యుడు తల్లిని దైవముగా భావింపుమనెను. అది మనకందఱకును కంఠస్థము. ఆ వెంటనే, నిర్దోషములైన కర్మలనే యాచరింపుమనియు, తమ నడవడిలో సైతము మంచినే గ్రహించి తక్కినది విడువుమనియు ఆయన చెప్పిన మాటను మాత్రము మఱచితిమి. పూజ్యుల తప్పునకు తలయొగ్గుట పూజలో భాగము కాదని ఆ గురువే నిర్ణయించెను.

ఒంటిమిట్టవారు తమవాడని చెప్పుకొను పోతన తెనిగించిన భాగవతమున ప్రహ్లాదుని చూడుడు. విషము పెట్టించినను, ఏనుగులచే త్రొక్కింపజూచినను ఆ బాలుడు తండ్రియాజ్ఞకు లొంగలేదు, తండ్రిని ద్వేషింపనులేదు. నరసింహుడు వరమడుగుమన్నపుడు తండ్రిని పాపవిముక్తుని చేయుమని వేడెను. నిరాకరణమును కరుణయు ఒక్క హృదయములోనే యిముడునని ఇంతకంటె స్పష్టముగా చెప్పిన కథ నాకు తెలియదు.

కావున తల్లి యుద్రేకమున నున్నపుడు వాదమునకు దిగక, “అమ్మా, నీకు భయమైనదని తెలిసినది, నెమ్మదించినాక మాటలాడుకొందము” అని చెప్పి, చెప్పినట్లే తిరిగివచ్చి కూర్చుండవలెను. చత్తునను మాటను బెదిరింపని త్రోసివేయక, ఆమెను ఒంటరిగా విడువక, కడప పెద్దాసుపత్రిలోని మనోవైద్యునకు చూపవలెను. 14416 సంఖ్యకు ఫోను చేసిన, ప్రభుత్వ మానసికారోగ్య సహాయవాణియైన టెలిమానస్‌వారు తెలుగులోనే సలహా చెప్పుదురు. ఈ వికారమునకు ప్రత్యేకచికిత్సను రూపొందించిన మార్షా లైనహాన్, తానును యౌవనమున ఆత్మహింసతో ఆసుపత్రి పాలైనట్లు 2011లో వెల్లడించెను. బాగుపడుట దుర్లభము కాదనుటకు ఆమె జీవితమే సాక్ష్యము.

తల్లికి సేవ చేయుట ధర్మము. ఆమె వ్యాధికి బలియగుట ధర్మము కాదు. తన నిద్రను, తన ఆలుబిడ్డలను కాపాడుకొనువాడే ఏండ్లతరబడి ఆ తల్లి ప్రక్కన నిలువగలడు.