మూత్రపు సంచి ఎవరు ఖాళీ చేయాలి?

ఖరగ్‌పూర్‌లో నింపురా వైపు ఒక రైల్వే క్వార్టరు. లోపలి గదిలో మంచం మీద ఒక పెద్దాయన. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబం. తండ్రిలాగే ఆయన కూడా చీపురు పట్టి, స్టేషన్‌లో పట్టాల మీది మలం కడిగి కడిగి సఫాయివాలాగానే రిటైరయ్యాడు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం ఆగిపోయింది. గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు ఆపరేషన్ వద్దన్నారు. మూత్రాశయంలోకి గొట్టం వేసి, సంచి తగిలించి ఇంటికి పంపారు. ఏడాది దాటింది. క్వార్టరు ఇప్పుడు కొడుకు పేరున ఉంది. కొడుకు చేతిలో చీపురు లేదు, పెన్ను ఉంది.

మా బౌద్ధ మిత్రుల తరఫున ఒక రిటైర్డ్ నర్సమ్మ వారానికోసారి ఆ ఇంటికి వెళుతుంది. చేతితొడుగుల పెట్టె పట్టుకుని నేనూ వెంట వెళతాను. ఆమె చేసే పని చూస్తే పెద్ద విద్యలా కనిపించదు. సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. జ్వరం వచ్చిందా, పొత్తికడుపు నొప్పి ఉందా అని అడుగుతుంది. గొట్టం ఒంట్లోకి వెళ్ళే చోట సబ్బునీళ్ళతో తుడుస్తుంది, ఎప్పుడూ ఒంటి వైపు నుంచి బయటికే. గొట్టం లాగుకుపోకుండా తొడకి పట్టీ వేస్తుంది. లోపల గొట్టాన్ని పట్టి ఉంచేది నీళ్ళు నింపిన చిన్న బుడగ. లాగితే లోపల గాయమే. సంచి మూత్రాశయం కంటే కిందే ఉండాలి, అలాగని నేలకి తగలకూడదు. మూడింట రెండు వంతులు నిండేలోగా ఖాళీ చేయాలి. రబ్బరు గొట్టమైతే రెండు నుంచి నాలుగు వారాల్లో, సిలికాన్‌దైతే పన్నెండు వారాలలోపు మార్చాలి. ఇంతే. ఈ ఇంతలో ఎక్కడ అశ్రద్ధ చేసినా సూక్ష్మక్రిములు దారి చూసుకుంటాయి. గొట్టం ఉన్నన్నాళ్ళూ రోజుకి నూటికి మూడు నుంచి ఏడు పాళ్ళ అవకాశం ఉంటుందని వైద్యుల లెక్క. నెల తిరిగేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ క్రిములుంటాయి. జ్వరం, నొప్పి లేకుండా ఉత్త రిపోర్టు చూసి మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కొచ్చే వాళ్ళతో నర్సమ్మకి రోజూ తగువే.

ఆమె ఉండేది ఒక గంట. వారానికి 168 గంటలు. మిగతా 167 గంటలు ఎవరివి?

ఆ ఇంట్లో పొద్దున ఒక ఆయా వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోయేది. ఆ తర్వాత సంచి ఎవరూ ముట్టేవారు కాదు. ఒక రాత్రి గొట్టం పూడుకుపోయి, పెద్దాయన కడుపు ఉబ్బి, రెండు గంటలప్పుడు ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తారు. మర్నాడు నేను కొడుకుని నిలదీశాను.

"అన్నా, ఈ పని నువ్వు ముట్టుకోవద్దురా అని మా నాన్నే నా సేత ఒట్టేయించుకున్నాడు. పదో క్లాసు పాసైన రోజున. ఇప్పుడు ఆయనకే సెయ్యమంటే నానేటి సెప్పను?" అన్నాడు.

కోపంతో వెళ్ళిన నాకు నోట మాట రాలేదు. ఆ ఒట్టు మా ఇళ్ళన్నిటిలోనూ ఉంది. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో దీక్ష తీసుకున్నప్పుడు లక్షలమంది వదిలేసిన వాటిలో ఆ బకెట్ కూడా ఉంది. దాన్ని మళ్ళీ పట్టుకోమని చెప్పే హక్కు నాకెక్కడిది?

లా చదివినవాణ్ణి కాబట్టి ముందు చట్టం తిరగేశాను. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం తన నిర్వచనంలో రైలు పట్టాలను పేరు పెట్టి చేర్చింది. అయితే దాని కిందే ఒక వివరణ ఉంది: ప్రభుత్వం నిర్ణయించిన పరికరాలతో, రక్షణ తొడుగులతో శుభ్రం చేసేవాణ్ణి ఆ లెక్కలోకి తీసుకోరు. అంటే చట్టం దృష్టిలో అవమానానికీ ఉద్యోగానికీ మధ్య ఉన్నది ఒక జత తొడుగులు. తొడుగులు కావాలి, కాదనను. కానీ అదే మనిషి, అదే కులం, అదే పని, చేతికి రబ్బరు వేస్తే అవమానం పోతుందా? తథాగతుడు ఒక రోగిని కడిగినప్పుడు ఆయన చేతికి ఏ తొడుగూ లేదు, ఆయనకి అవమానమూ కలగలేదు.

ఆ కథ వినయ పిటకంలో, మహావగ్గంలో ఉంది. బాబాసాహెబ్ 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో దాన్ని చేర్చారు. విరేచనాలతో ఒక భిక్ఖువు తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. తథాగతుడు నీళ్ళు పోస్తాడు, ఆనందుడు కడుగుతాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టి మంచం మీద పడుకోబెడతారు. మనం ఈ కథ చెప్పేటప్పుడు ఒక ముక్క వదిలేస్తాం. మిగతా భిక్ఖువులు అతన్ని ఎందుకు చూడలేదని అడిగితే, అతనివల్ల వాళ్ళకి ఏ ఉపయోగమూ లేదు కాబట్టి అని జవాబు వస్తుంది. అసహ్యం అనలేదు, ఉపయోగం లేదన్నారు. తల్లీ తండ్రీ దగ్గర లేని మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారన్నది తథాగతుడి ప్రశ్న. ఆ వినయంలోనే శిష్యుడు జబ్బుపడితే ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయుడు జబ్బుపడితే శిష్యుడు కోలుకునేదాకా చూడాలని నియమం ఉంది.

నాకు తేడా అక్కడ దొరికింది. పట్టాల మీద పని ఒకే వైపుకి నడిచేది. పైవాడి మలం కిందివాడు ఎత్తాలి. కిందివాడు మంచం పడితే పైవాడు వచ్చేదే లేదు. సంఘంలో అది రెండు వైపులా నడుస్తుంది. ఇవాళ కడిగించుకున్నవాడు రేపు కడుగుతాడు. ఆ పెద్దాయన ఈ కొడుకుని పసితనంలో ఎన్నిసార్లు కడిగి ఉంటాడో ఎవరు లెక్క పెట్టారు? ఒట్టు వేయించుకున్నది ఊరి మలం గురించి.

ఇదంతా కొడుక్కి చెప్పాను. తలూపాడు. సంచి ముట్టుకోలేదు.

నేను చెప్పడానికి పెద్ద అర్హుణ్ణి కూడా కాదు. మా అమ్మకి రెండు నెలలు గొట్టం ఉన్నప్పుడు నేనూ ఆయానే పెట్టాను. ఆమె మా వాడే, మా కులమే. ఆమెకి టీ ఇచ్చే స్టీలు గ్లాసు కిటికీ గట్టు మీద విడిగా ఉండేది. అలా పెట్టమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ తీసి లోపల పెట్టలేదు. పైన గోడకి బాబాసాహెబ్ పటం. ఆ గ్లాసుని నాకు చూపించింది ఈ నర్సమ్మే. 'సేవ' అనే మాట మీద నాకు అప్పటినుంచి అనుమానం. ఎవరికి తక్కువ జీతం ఇవ్వాలనుకుంటామో వాళ్ళ పనినే సేవ అంటాం. కేరళ 2008లో పాలియేటివ్ సంరక్షణ విధానం ప్రకటించి, స్థానిక సంస్థల ద్వారా నర్సులను మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకే పంపుతోంది. అది దయ కాదు, జీతమున్న ఉద్యోగం. మన చోట అది పెద్దలకి పెన్షన్‌లాగా అడగాల్సిన విషయం.

కొడుకుని కదిలించింది నా వినయ పిటకం కాదు. మూత్రం అంత చిక్కగా ఎందుకుందా అని నర్సమ్మ మూడు వారాలు ఆలోచించింది. డాక్టరు రోజుకి లీటరున్నర నీళ్ళు తాగమన్నాడు. మంచం పక్కన చెంబు నిండుగా అలాగే ఉంటోంది. గదిలో ఎవరూ లేనప్పుడు పెద్దాయన్ని అడిగింది. ఆయన చాలాసేపు పైకప్పు చూశాడు. తాగితే సంచి నిండుతుందమ్మా, గుంటడు ఇబ్బంది పడతాడు అన్నాడు.

తన రోగం గురించి దాచకుండా చెప్పాలని రోగికి కూడా తథాగతుడు బాధ్యత పెట్టాడు. ఆ రాత్రి గొట్టం పూడుకుపోయింది ఆ దాహంవల్లే కావచ్చు. నర్సమ్మ బయటికొచ్చి కొడుకుతో ఆ ఒక్క మాటే చెప్పింది: మీ నాన్న నీకోసం దాహం చంపుకుంటున్నాడు.

ఆ సాయంత్రం అతను రెండు జతల తొడుగులు ఒకదానిమీద ఒకటి వేసుకున్నాడు. గొట్టం కుళాయి సీసాకి తగలకుండా ఎలా పట్టుకోవాలో ఆమె చూపించింది. పెద్దాయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఇప్పుడు ఒక జత చాలు. సంచి ఎంత నిండిందో నోటుపుస్తకంలో రాస్తున్నాడు. పోయిన వారం నర్సమ్మ ఆ పేజీ చూసి రంగు లేతపడిందంది. ఆయాకి గంటలు పెంచి జీతం పెంచారు, టీ లోపల కూర్చునే తాగుతోంది. కొడుకు మాత్రం ఆ పని చేసేటప్పుడు ఇంకా తలుపు వేసుకుంటాడు. పక్క క్వార్టరువాళ్ళు చూస్తారని.