దారి కష్టమే కాపలా

చేరడం కష్టమైన అందాల తీరం గురించి వినగానే, అక్కడికి దారి సులువైతే బాగుండుననిపిస్తుంది. కానీ చాలాచోట్ల ఆ కష్టమే తీరానికి కాపలా. థాయిలాండ్‌లోని మాయా బే సంగతే చూడండి. ఒక దీవిలో సున్నపురాతి కొండల నడుమ చిన్న ఇసుక తీరమది. 2000లో ‘ది బీచ్’ సినిమాతో దాని పేరు లోకమంతా పాకింది. స్పీడ్‌బోట్లు బారులు తీరాయి, రోజుకు వేలమంది దిగారు, లంగర్ల తాకిడికి పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. 2018 జూన్‌లో ప్రభుత్వం తీరాన్ని మూసేసింది. అలికిడి తగ్గాక సొరచేపలు తిరిగొచ్చాయి. 2022 జనవరిలో మళ్లీ తెరిచినా, పడవలు దీవి వెనకవైపే ఆగాలి, విడతకు కొందరికే ప్రవేశం.

అయితే కష్టమైన దారి డబ్బూ సత్తువా ఉన్నవాళ్లకే అందదా, పడవవాళ్ల బతుకు మాటేమిటి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నలే. కానీ తీరమే పాడైతే పేదకూ ధనికుడికీ మిగిలేదేమీ ఉండదు, పడవలకు బేరమూ ఉండదు. టికెట్ ధర పెంచితే పేదవాడు ఆగిపోతాడు. సంఖ్యకు హద్దు పెట్టి వంతులు వేస్తే ఎవరైనా తమ వంతుకు వెళ్లగలరు. మన వంతు వచ్చేదాకా ఆగడం కూడా ఆ ప్రయాణంలో భాగమే.