చెప్పని రేవు

రెండేళ్ళ క్రితం వేసవిలో సియాటిల్‌కి ఉత్తరాన శాన్‌వాన్ దీవుల్లో అద్దె బోటు మీద తిరిగాం. మ్యాపులో గోరంత వంపు కనిపిస్తే అక్కడ లంగరు వేశాం. మేమూ, బండమీద రెండు సీల్‌లూ, అంతే. "ఈ చోటు ఎవరికీ చెప్పకండి" అంది మా ఆవిడ.

మర్నాడు సూసియా దీవి. స్పానిష్‌లో మురికిదని అర్థం. నీళ్ళకింద దాగిన బండల వల్ల వచ్చిన పేరు. అక్కడ ప్లాట్లు వేస్తారని భయపడి, 1960లో ప్యూజెట్ సౌండ్ బోటు క్లబ్బులవాళ్ళు చందాలేసుకుని దీవిని కొని, పార్కుగా ఉంచమని రాష్ట్రానికి ఇచ్చేశారు. తమకే అట్టిపెట్టుకోవచ్చుగా! వాళ్ళలా చేసుంటే నేనక్కడ కాలు పెట్టేవాణ్ణి కాదు. వాళ్ళు ఇచ్చేశారు కాబట్టే వేసవి శనివారాల్లో అక్కడంత రద్దీ.

నిరుడు ఆఫీసులో తెలుగు కుర్రాడొకడు, "అన్నా, అమ్మానాన్న వచ్చారు, ప్రశాంతమైన చోటేదైనా చెప్పు" అన్నాడు. సూసియా అన్నాను. అబద్ధమైతే కాదు. ఎవరో ఊరికే పంచిపెట్టిన కోడ్‌తో ఇరవయ్యేళ్ళుగా అన్నం తింటున్నవాణ్ణి. కోడ్ ఎందరు వాడినా అరగదు, రేవు అరుగుతుంది అని సర్దిచెప్పుకున్నాను. ఇద్దరు ముసలివాళ్ళ అడుగులకా?

సోమవారం అడిగితే, బోటు ఆపడానికి చోటు దొరక్క దిగకుండానే తిరిగొచ్చామన్నాడు. వాళ్ళమ్మ పులిహోర డబ్బా బోటులోనే విప్పిందట. నాకూ కొంచెం తెచ్చాడు.