సుస్థిరత ఎవరికి?

అరబ్బులకు ప్రజాస్వామ్యం అచ్చిరాదట. హోటల్లో చాయ్ దగ్గర వింటాం, సంపాదకీయాల్లో చదువుతాం. చెప్పేవాడు మన మొహం చూసి "మిమ్మల్ని కాదులెండి, అక్కడి వాళ్లని" అని సర్దుకుంటాడు కూడా. లోపం మతంలోనే ఉందని తేల్చే ముందు, అక్కడ జనం ఓటు అడిగినప్పుడల్లా పక్కనున్న యూరప్ ఏం చేసిందో చూడొద్దా?

అల్జీరియాలో 1991 డిసెంబరు 26న మొదటి విడత పోలింగు జరిగింది. ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ 188 సీట్లు గెలిచింది. రెండో విడత జరగనే లేదు. జనవరిలో సైన్యం ఎన్నికలు రద్దు చేసింది. ఆ ఫ్రంటు గద్దెనెక్కితే ఆడవాళ్ల గతేమిటి, పత్రికల గతేమిటి అన్న భయం ఉత్తుత్తిది కాదు. నాకూ ఉంది. కానీ భయానికి విరుగుడని తెచ్చిన తుపాకీ ఏం మిగిల్చింది? రెండు వైపులా చంపారు. లక్షమందికి పైగా పోయారు. పారిస్ మాటవరసకు నొచ్చుకుంది, సాయం మాత్రం ఆపలేదు.

ట్యునీసియా కథ ఇంకా సూటిగా ఉంటుంది. బెన్ అలీ ఇరవై మూడేళ్లు ఏలాడు. "లౌకికవాది" అని పేరు. 2010 డిసెంబరులో సీదీ బూజీద్‌లో తోపుడుబండి మీద పళ్లమ్ముకునే బువాజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఊళ్లు లేచాయి, పోలీసులు కాల్చారు. 2011 జనవరి 11న ఫ్రాన్సు విదేశాంగ మంత్రి అలియో-మారీ పార్లమెంటులో లేచి, మా పోలీసుల నేర్పు మీకు అందిస్తామన్నారు. మూడు రోజులకే బెన్ అలీ పారిపోయాడు. ఆమె క్రిస్మస్ సెలవులు అక్కడే గడిపారనీ, ఆ పాలకుడికి దగ్గరివాడైన వ్యాపారి విమానం ఎక్కారనీ బయటపడింది. ఫిబ్రవరి 27న రాజీనామా చేశారు. మంత్రి పోయింది సరే, ఆ విధానం పోయిందా?

ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసేవాణ్ని కాబట్టి ఒక మాట నన్ను పట్టి పీడిస్తుంది. ఏజెన్సీ వార్తల్లో వచ్చే "స్టెబిలిటీ"ని తెలుగులో సుస్థిరత అంటాం, ఉర్దూలో ఇస్తెహ్కామ్ అంటాం. రెండూ నిండైన మాటలే. జైల్లో ఉన్నవాడికి ఆ సుస్థిరతలో వాటా ఎంత అన్నది మాత్రం ఏ భాషలోనూ అనువాదం కాదు.

ఏ రాజ్యమైనా పొరుగున ఎవడు గద్దె మీదుంటే వాడితోనే మాట్లాడాలి, తప్పదు అంటారు. ఒప్పుకుంటాను. మాట్లాడ్డం వేరు, లాఠీ ఎలా తిప్పాలో నేర్పుతాననడం వేరు. మొదటిది దౌత్యం. రెండోది నేరంలో పాలు పంచుకోవడం.

పైగా ట్యునీసియా వాళ్లు చేసి చూపించారు. 2011 అక్టోబరు ఎన్నికల్లో ఇస్లామిక్ పార్టీ అన్‌నహ్దా 217లో 89 సీట్లు గెలిచింది. 2013లో ఇద్దరు ప్రతిపక్ష నాయకుల హత్యలతో దేశం భగ్గుమంది. కార్మిక సంఘం, యజమానుల సంఘం, లాయర్లు, మానవ హక్కుల సంఘం మధ్యవర్తులయ్యారు. 2014 జనవరిలో కొత్త రాజ్యాంగం వచ్చింది, అన్‌నహ్దా గద్దె దిగింది. ఇస్లాం పేరు చెప్పుకునే పార్టీ ఒకసారి ఎక్కితే దిగదనే మిత్రులు ఈ సంగతి ఎందుకు గుర్తుపెట్టుకోరు?

ఇక మన ఇంటి సంగతి. యూరప్‌ను తిట్టినంత సేపు మన సభల్లో చప్పట్లే. బెన్ అలీకి ఆశ్రయమిచ్చింది సౌదీ అరేబియా. 2013 జులైలో ఈజిప్టు సైన్యం, ఎన్నికైన మోర్సీని దించేస్తే, రోజుల్లోనే సౌదీ, ఎమిరేట్స్, కువైట్ కలిసి 1200 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. అప్పుడు ఉమ్మత్ ఎక్కడికి పోయింది? ఇక్కడ రాజ్యాంగాన్ని పట్టుకుని హక్కులడిగే మనం, అక్కడి షేకుల దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాం. గల్ఫ్ నుంచి వచ్చే మనియార్డర్లు కొంత కారణం కావచ్చు. అది అర్థం చేసుకోగలను, సమర్థించలేను.

2021 జులై 25న ట్యునీసియా అధ్యక్షుడు ఖైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశాడు. 2023 ఏప్రిల్‌లో అన్‌నహ్దా నాయకుడు గన్నూషీని అరెస్టు చేశారు. ఆ జులై 16న యూరోపియన్ యూనియన్ పెద్దలు ట్యునిస్ వెళ్లి ఒప్పందం కుదుర్చుకున్నారు. సముద్రం దాటేవాళ్లను ఆపడానికి 10.5 కోట్ల యూరోలు. అదే నెలలో ట్యునీసియా బలగాలు నల్లజాతి ఆఫ్రికన్లను, పిల్లల తల్లులతో సహా, లిబియా సరిహద్దు ఎడారిలోకి తోలి వదిలేశాయి, నీళ్లు కూడా లేకుండా.