కొండెక్కితేనే దానమా?

బ్రిటన్‌లో స్థిరపడిన మన పిల్లల నుంచి ఇక్కడి ఇళ్ళకు కొంతకాలంగా ఒక కొత్త తరహా చందా అభ్యర్థన వస్తోంది. "మామూ! మా మస్జిద్ కుర్రాళ్ళందరం కలిసి అనాథ పిల్లల కోసం కొండ ఎక్కుతున్నాం. నన్ను స్పాన్సర్ చెయ్యండి" అంటూ మేనల్లుడు ఫోనులో ఒక లింకు పంపుతాడు. మేనమామ కాదనలేక డబ్బు పంపుతాడు. కాని ఆయన మనసులో ఒక సందేహం మిగిలిపోతుంది. అనాథలకు ఇవ్వదలచుకుంటే నేరుగా ఇవ్వవచ్చు కదా, మధ్యలో ఈ కొండ ఎందుకు? వాడు కొండ ఎక్కకపోతే నేను ఇవ్వనా?

ఈ సందేహాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కష్టానికి పుణ్యఫలం ఎప్పుడు లభిస్తుంది, ఎప్పుడు లభించదు అనే పాత ప్రశ్నే ఇక్కడ కొత్త వేషంలో మన ముందుకు వచ్చింది.

ఛారిటీ ట్రెక్ అనే ఈ పద్ధతి ముస్లిములు కనిపెట్టింది కాదు. 1981లో హాంకాంగ్‌లో బ్రిటిష్ సైన్యంలోని గూర్ఖాల శిక్షణగా మొదలైన 100 కిలోమీటర్ల కొండనడక, తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ నిర్వహణలో 'ట్రెయిల్‌వాకర్' పేరుతో అనేక దేశాలకు విస్తరించింది. బ్రిటన్‌లోని ముస్లిం సేవాసంస్థలు కూడా క్రమంగా ఈ మార్గాన్ని అనుసరించాయి. అక్కడ ప్రధానంగా మూడు కొండలు ఉన్నాయి. స్కాట్లాండ్‌లో బెన్ నెవిస్ (1345 మీటర్లు), వేల్స్‌లో స్నోడన్ (1085 మీటర్లు), ఇంగ్లాండ్‌లో స్కాఫెల్ పైక్ (978 మీటర్లు). స్నోడన్‌కు వెల్ష్ భాషలో వేరే పేరుంది. 2022లో అక్కడి జాతీయ పార్కు వారు ఇకపై ఆ పేరే వాడాలని నిర్ణయించారు. మన పాఠకుల నాలుక తిరగడం కష్టం కనుక పాత పేరే వాడుకుందాం. యువకులు చిన్న చిన్న బృందాలుగా బయలుదేరుతారు. ప్రతి బృందానికి ఒకరిద్దరు పెద్దలు పర్యవేక్షకులుగా ఉంటారు. వారిని మెంటర్లు అంటారు, మన ధార్మిక పరిభాషలో చెప్పాలంటే మురబ్బీలు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. స్నోడన్ శిఖరం దాకా రైలు ఉంది! 1896లో ప్రారంభమైన ఆ చిన్న రైలు చలికాలంలో తప్ప ప్రయాణీకుల్ని పైకి చేరుస్తూనే ఉంది. అంటే పైకి చేరడమే పని అయితే టిక్కెట్టు కొంటే సరిపోతుంది. మరి నడక దేనికి?

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఇక్కడ గుర్తుకొస్తుంది. ఒక వృద్ధుడు ఇద్దరు కొడుకుల భుజాల మీద వాలి కాళ్ళీడ్చుకుంటూ నడుస్తుండగా దైవప్రవక్త (సఅసం) చూశారు. ఏమిటి సంగతని అడిగితే, ఆయన కాలినడకన వెళతానని మొక్కుకున్నాడని చెప్పారు. ఇతను తన ప్రాణాన్ని హింసించుకోవలసిన అవసరం అల్లాహ్‌కు ఏమాత్రం లేదని చెప్పి, వాహనమెక్కమని ఆజ్ఞాపించారు దైవప్రవక్త (సఅసం). మరోసారి అబూ ఇస్రాయీల్ అనే వ్యక్తి ఎండలో నిలబడే ఉంటానని, నీడకు పోనని, మాట్లాడనని, ఉపవాసముంటానని మొక్కుకున్నాడు. ఆయన్ను కూర్చోమన్నారు, నీడకు వెళ్ళమన్నారు, మాట్లాడమన్నారు. ఉపవాసం మాత్రం పూర్తి చేయమన్నారు. ఆరాధన నిలిచింది, వట్టి బాధ కొట్టివేయబడింది.

మరి హజ్రత్ ఆయిషా (రజి)తో ఉమ్రా విషయంలో, నీ శ్రమను బట్టి నీ పుణ్యఫలం ఉంటుందని దైవప్రవక్త (సఅసం) చెప్పలేదా? చెప్పారు. ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదని ఉలమాలు వివరించారు. ముఖ్యంగా ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మలై) ఈ విషయాన్ని విడమరచి చెప్పారు. సత్కార్యం చేసే దారిలో కష్టం ఎదురైతే ఆ కష్టానికి ప్రతిఫలం ఉంది. సత్కార్యానికి అవసరం లేని కష్టాన్ని కావాలని తెచ్చుకుంటే అది దైవసాన్నిధ్యానికి మార్గం కాజాలదు. చలిలో చన్నీళ్ళతో వుజూ చేయాల్సివస్తే పుణ్యం. వేడినీళ్ళు పక్కనే పెట్టుకుని, పుణ్యం పెరుగుతుందని చన్నీళ్ళు పోసుకుంటే అది వేరే సంగతి.

ఈ కొలబద్దతో చూస్తే అనాథకు అన్నం పెట్టడానికి స్నోడన్ ఎక్కవలసిన అవసరం లేదు. కొండ ఆ దానానికి ఒక్క మెతుకు కూడా కలపదు. ఈ మాట మన యువకులకు స్పష్టంగా చెప్పాలి. లేకపోతే వాళ్ళు కాళ్ళనొప్పినే ఇబాదత్ అనుకునే ప్రమాదముంది.

అలాగని "ఇదంతా ఫోటోల పిచ్చి, ప్రదర్శనాబుద్ధి" అని తీర్పు చెప్పేసే పెద్దలు కూడా కాస్త ఆగాలి. హజ్రత్ అబూ మస్ఊద్ (రజి) కథనం ప్రకారం దానానికి సంబంధించిన ఆయత్ అవతరించినప్పుడు, చేతిలో ఏమీ లేని సహాబాలు కూలికి బరువులు మోసి, ఆ కూలిడబ్బుల్లోంచి దానం చేసేవారు. ఒకాయన ఎక్కువ తెస్తే, చూపించుకోవడానికే తెచ్చాడని కొందరు గొణిగారు. మరొకాయన ఒక్క సాఅ తెస్తే, ఈ కాస్తతో అల్లాహ్‌కు పనేముందని ఎగతాళి చేశారు. అలా గొణిగినవారు కపటవిశ్వాసులు. వారిని గురించే తౌబా సూరా 79వ ఆయత్ అవతరించింది. కనుక ఎదుటివాడి సంకల్పం మీద నోరు పారేసుకునే ముందు, ఆ పని మొదట చేసింది ఎవరో గుర్తుంచుకోవాలి.

దానాన్ని బహిరంగంగా ఇచ్చినా మంచిదేనని, గుప్తంగా పేదలకు చేరవేస్తే మరింత మేలని బఖరా సూరా 271వ ఆయత్ బోధిస్తోంది. ముజర్ తెగకు చెందిన నిరుపేదలు వచ్చినప్పుడు ఒక అన్సారీ మోయలేనంత బరువైన సంచి తెచ్చి అందరి ముందే పెట్టాడు. అది చూసి జనం బారులు తీరారు, దైవప్రవక్త (సఅసం) ముఖం సంతోషంతో వెలిగిపోయింది. పదిమందిని కదిలించే బహిరంగ దానానికి ఇస్లాంలో చోటుందనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

అయితే ఆ సహాబాలకూ మన ట్రెక్‌కూ మధ్య ఒక తేడా ఉంది. వాళ్ళు మోసిన బరువే డబ్బుగా మారింది. మనవాడి నడక ఒక్క పైసా కూడా సంపాదించదు. డబ్బంతా బంధుమిత్రుల జేబుల్లోంచి వస్తుంది. వాడి చెమట మన చేయి కదలడానికి ఒక సాకు మాత్రమే. అనాథ ఆకలి గురించి విన్నప్పుడు కదలని చేయి, మేనల్లుడి ఫోటో చూశాక కదిలిందంటే, ప్రశ్న వేసుకోవలసింది ఆ కుర్రవాడా, మనమా?

దివ్యఖుర్ఆన్ కూడా ఒక కొండదారి గురించి చెబుతుంది. బలద్ సూరాలో దాని పేరు 'అఖబ', అంటే నిటారుగా పైకి పోయే దుర్గమమైన కనుమ. మనిషి ఆ కనుమను దాటే సాహసం చేయలేదని ఆక్షేపించి, అదేమిటో అల్లాహ్ స్వయంగా వివరించాడు. బానిస మెడను విడిపించడం, ఆకలిరోజున దగ్గరి బంధువైన అనాథకో మట్టిలో పడివున్న నిరుపేదకో అన్నం పెట్టడం. ఆ వెంటనే, విశ్వసించి ఒకరికొకరు సహనాన్ని, కారుణ్యాన్ని బోధించుకునేవారిలో చేరడం. డబ్బు జేబులోంచి బయటికి తీయడమే మనిషికి కొండెక్కినంత కష్టమని సృష్టికర్తకు తెలుసు. ఆ ఆయత్‌లో ప్రస్తావించబడిన అనాథ 'దగ్గరి బంధువు' అన్న సంగతి కూడా గమనించాలి. వేరే ఖండంలోని అనాథ కోసం స్నోడన్ ఎక్కినవాడికి గుంటూరులోనో కర్నూలులోనో తన పినతండ్రి పిల్లలు ఫీజు కట్టలేక బడి మానేశారన్న సంగతి తెలుసా?

ఇంతకీ కొండ నిరుపయోగమా? కాదు. దానం ఖాతాలో దాన్ని రాయకూడదన్నానంతే. శిక్షణ (తర్బియత్) ఖాతాలో దానికి మంచి స్థానమే ఉంది. అక్కడి నగరాల్లో పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామందికి ఫోను తప్ప మరో లోకం తెలియదు. పైగా ఆ కొండలు తమవి కావేమోనన్న జంకు కూడా ఉంటుంది. 2021 క్రిస్మస్ రోజున వందమందికి పైగా ముస్లిములు పీక్ డిస్ట్రిక్ట్‌లోని మామ్ టోర్ కొండ మీద నడిచి ఆ చిత్రాలు పెడితే, ఇంటర్నెట్‌లో వారిని అసభ్యంగా దూషించినవారున్నారు. ఆ జంకు పోవాలంటే మంచి పెద్దవాళ్ళు తోడుండి నడిపించాలి.

మురబ్బీ ఎక్కడ నడవాలి? ముందు నడిచి జెండా పాతే పని గైడు చూసుకుంటాడు. హజ్రత్ జాబిర్ (రజి) కథనం ప్రకారం దైవప్రవక్త (సఅసం) ప్రయాణాల్లో కావాలనే వెనుకబడేవారు. బలహీనుల్ని ముందుకు నడిపించేవారు, నడవలేనివారిని తన వాహనం మీద వెనుక ఎక్కించుకునేవారు, వారి కోసం ప్రార్థించేవారు. దైవసందేశం అందుకునే మహనీయుడు గుంపులో చివర! ఆయాసపడుతున్న పదహారేళ్ళ కుర్రాడి పక్కన నిదానంగా నడుస్తూ, వాడి చదువు గురించో ఇంట్లో గొడవ గురించో వాడే నోరు విప్పేదాకా ఓపిక పట్టే మెంటర్ ఈ సున్నత్‌ను బతికిస్తున్నాడు. మస్జిద్‌లో ఏడాదిపాటు జుమా ఖుత్బా విన్నా విప్పని నోరు నాలుగు గంటల నడకలో విప్పవచ్చు. ఆడపిల్లల బృందాలు వేరుగా ఉండాలి, వారి వెంట స్త్రీ మురబ్బీలు, మహ్రమ్‌లు ఉండాలి.

ఎత్తు ఎక్కుతున్నప్పుడు తక్బీర్, దిగుతున్నప్పుడు తస్బీహ్ పలికేవారమని కూడా హజ్రత్ జాబిర్ (రజి) చెప్పారు. కాని సహాబాలు గొంతెత్తి అరిచినప్పుడు, మీరు పిలుస్తున్నది చెవిటివాణ్ణి కాదు, దూరంగా ఉన్నవాణ్ణీ కాదని దైవప్రవక్త (సఅసం) వారించారు. ఇరవైనాలుగు గంటల్లో మూడు కొండలూ ఎక్కాలనే పంతంతో అర్ధరాత్రి బస్సుల్లో దిగి, ఊరివాళ్ళ నిద్ర చెడగొట్టి, చెత్త పడేసి వెళ్ళే బృందాల గురించి అక్కడి గ్రామస్థులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. దారిలోంచి హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమైతే, ఆ దారిలో అరటితొక్క, ప్లాస్టిక్ సీసా పడేయడం దేనిలో భాగం?

నమాజు విషయం క్లుప్తంగా. లండన్, బర్మింగ్‌హామ్‌ల నుంచి వెళ్ళేవారు ముసాఫిర్లే కనుక ఖస్ర్ చేయాలి. చీలమండలు పూర్తిగా కప్పే తోలు బూట్లను వుజూ మీద తొడుక్కుంటే, వాటి మీద ముసాఫిర్ మూడు పగళ్ళు, మూడు రాత్రుల వరకు మసహ్ చేయవచ్చు. అరికాలికి అశుద్ధం అంటకుండా చూసుకోవాలి.

ఇక డబ్బు సంగతి. ఇలాంటి యాత్రల్లో రెండు పద్ధతులున్నాయి. మొదటిదానిలో నడిచేవాడు తన ఖర్చు తానే భరిస్తాడు, వసూలైన మొత్తం సంస్థకు చేరుతుంది. రెండవదానిలో ఇంత కనీస మొత్తం వసూలు చేయమంటారు, అందులోంచే అతని ప్రయాణం, బస, భోజనం ఖర్చులు తీసుకుంటారు. స్నోడన్‌కైతే ఖర్చు స్వల్పం. టాంజానియాలోని కిలిమంజారో (5895 మీటర్లు) అయితే విమానం టిక్కెట్టు దగ్గరే బోలెడంత పోతుంది. దాత 'అనాథకు' అని ఇచ్చాడు. అతనికి తెలియకుండా అందులోంచి ఒక యువకుడి విహారయాత్ర నడిస్తే అది అమానత్‌లో ఖియానత్. ముందే స్పష్టంగా చెప్పి, దాత ఒప్పుకుంటే నఫిల్ సదఖా వరకు అభ్యంతరం లేదు. జకాత్‌ను మాత్రం రెండవ పద్ధతిలో ఇవ్వకూడదు. తౌబా సూరా 60వ ఆయత్‌లో పేర్కొన్న హక్కుదారుల్లో కొండెక్కేవాడు లేడు, అతన్ని 'ఆమిల్' అనడానికీ వీల్లేదు. రమజాన్‌లో రసీదు పుస్తకం పట్టుకుని, ఉపవాసంతో ఎండలో ఊరూరా తిరిగే మదరసా సఫీర్‌కు కూడా వసూలులో ఇంత శాతం అని కమీషన్ ఇవ్వడం సరికాదని, నిర్ణీత జీతం ఇవ్వాలని మన ముఫ్తీలు ఫత్వాలిచ్చారు. ఏటా మైళ్ళకొద్దీ నడిచే ఆ సఫీర్‌కు ఎవరూ పతకం వేయరు, అది వేరే మాట.

అన్నింటికంటే జాగ్రత్తగా ఆలోచించవలసింది "నువ్వు శిఖరం చేరితే ఇంత ఇస్తాను" అనే షరతు గురించి. శిఖరం ఇంకా రెండు వందల మీటర్లు ఉందనగా మంచు కమ్ముకుంది, గాలి పెరిగింది అనుకోండి. పన్నెండుమంది పిల్లల్ని వెనక్కి తిప్పాలా వద్దా అని మురబ్బీ నిర్ణయించుకోవాలి. ఆ క్షణంలో అనాథల అన్నం ఆయన మెడ మీద కూర్చుంటే? తిప్పితే విరాళం పోతుంది, తిప్పకపోతే ఏ బిడ్డ కాలో జారవచ్చు. అప్పుడు వెతకడానికి వచ్చేది జీతం తీసుకోని స్వచ్ఛంద రక్షక బృందం, అంటే మరికొందరి బిడ్డలు. చేజేతులా వినాశనంలో పడవద్దన్న ఆయత్‌ను మనం ఇలాంటి ప్రమాదాల గురించే చెబుతుంటాం, ఆ అర్థం సరైనదే. కాని అది దైవమార్గంలో ఖర్చుపెట్టడం మానేసి ఆస్తులు చూసుకుంటూ కూర్చోవడం గురించి అవతరించిందని హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) వివరించారు. శిఖరం షరతు పెట్టిన దాత ఆ రెండు రకాల వినాశనాలనూ ఒకే దారంతో కట్టేస్తున్నాడు.

కనుక దాతలు బృందం బయలుదేరక ముందే డబ్బు చెల్లించాలి, ఏ షరతూ లేకుండా. బృందాల పెద్దలు కూడా అభ్యర్థనలోనే ఆ మాట రాయించాలి: వాతావరణం బాగాలేక వెనుదిరిగినా, ఎవరైనా మధ్యలో ఆగిపోయినా విరాళం యథాతథంగా చేరుతుందని. మోకాలు నొప్పితో కింద బస్సులోనే ఉండిపోయిన కుర్రాడి పేరు జాబితాలోంచి తీసేయకూడదు. తబూక్ నుంచి తిరిగివస్తూ దైవప్రవక్త (సఅసం) మదీనాలో ఉండిపోయినవారిని తలచుకున్నారు. మనం దాటిన ప్రతి కొండదారిలో, ప్రతి లోయలో వాళ్ళూ మనతోనే ఉన్నారని, వారిని ఆపింది అనివార్య కారణమేనని సహచరులకు తెలియజేశారు.